మీకు మీరే అప్పజెప్పుకోండి

పిల్లలూ! పరీక్షలు దగ్గరపడగానే మీరేం చేస్తారో చెప్పనా? పాఠం చదువుతారు. మళ్లీ చదువుతారు. మూడోసారికి ప్రతి వాక్యమూ ఎరిగిన చుట్టంలాగా కనిపిస్తుంది. "ఇక వచ్చేసింది" అనుకుని పుస్తకం మూసేస్తారు. తీరా పరీక్షలో కూర్చుంటే ఆ చుట్టం పేరే జ్ఞాపకం రాదు!

పెద్ద చదువులు చదివేవారికీ ఇదే తంటా. 2006 లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 180 మంది కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చి చూశారు. ఒక జట్టు ఆ పాఠాన్ని నాలుగు దఫాలు చదివింది. ఇంకొక జట్టు ఒక్క దఫా మాత్రమే చదివి, ఆ తరువాత మూడు దఫాలు పాఠం చూడకుండా, జ్ఞాపకం ఉన్నదంతా కాగితం మీద రాసింది. రాసినదాన్ని ఎవరూ దిద్దలేదు కూడా.

అయిదు నిమిషాలు కాగానే అడిగితే, చదివినవారికి పాఠంలో నూటికి 83 పాళ్లు వచ్చింది, రాసినవారికి 71. చూశారా, చదివినవారే గెలిచారు! కాని వారం తరువాత అడిగేసరికి చదివినవారికి 40 పాళ్లే మిగిలింది, రాసినవారికి 61. ఇంకా చిత్రం ఏమిటంటే, "మాకు బాగా గుర్తుంటుంది" అని ముందుగా ఎక్కువ ధీమా పడ్డది చదివినవారే! అంటే, పాఠం వచ్చిందో రాలేదో చెప్పటానికి మన మనస్సు అంత నమ్మదగిన సాక్షి కాదన్నమాట.

మన వీధిబడులలో పంతుళ్లు పాఠం అప్పజెప్పమనేవారు. అందులో సగం సొట్టు వల్లెవేతే అయినా, పుస్తకం మూసి చెప్పించటం మాత్రం మంచి పద్ధతి. అయితే ఇంట్లో అడిగేదెవరు?

ఎవరూ అడగకుండానే చదువుకున్నవారు మన కృష్ణా డెల్టాలో చాలామంది ఉన్నారు. 1935 లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పుస్తకాలే ఊళ్లకు ప్రయాణం చేసి వచ్చేవి! పడవలో పుస్తకాలు ఉంటాయి గాని, వెనక బెత్తం పట్టుకున్న పంతులుగారు ఉండరు. ఏ పుస్తకం తీసుకోవాలి, అందులో ఏమి తెలిసింది, ఏమి తెలియలేదు అన్నది చదివేవారే చూసుకోవాలి. తరువాత విజయవాడ పటమటలో వెలసిన గ్రంథాలయ సంఘం భవనానికి సర్వోత్తమ భవనం అని పేరు. గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరే అది.

సరే, ఇక మీ సంగతి. పాఠం ఒకసారి శ్రద్ధగా చదవండి. పుస్తకం మూయండి. ప్రకాశం బ్యారేజీ పాఠమే అనుకుందాం. తెల్లకాగితం తీసుకుని వచ్చినంత రాయండి. "1957 లో పూర్తయింది" అని టక్కున రాసేస్తారు. మరి అంతకుముందు కృష్ణకు అడ్డంగా ఏముండేది? ఇక్కడ కలం ఆగుతుంది. ఆగనివ్వండి, ఒక నిమిషం తన్నుకోండి. వెంటనే పుస్తకం తెరిచారా, ఆ శ్రమ దండగ. ఆ తరువాతే తెరిచి చూడండి: 1855 లో పూర్తయిన ఆనకట్ట ఉండేది, 1952 వరదలో దానికి గండి పడ్డది, అందుకే బ్యారేజీ కట్టారు. కలం ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న గీత పెట్టుకోండి. మర్నాడు ఆ గీతలున్న చోట్లే మళ్లీ అడుగుకోండి, తరువాత మూడు రోజులకు, తరువాత వారానికి. వచ్చేసినదాన్నే హాయిగా పదిసార్లు చదువుకోవటం మనందరికీ ఇష్టమే గాని, పని ఉన్నది గీతల దగ్గర.

చదువురాని బామ్మ అయినా సరే, ఆమెకు పాఠం కథలాగా చెప్పి చూడండి. ఆమె "అదెందుకురా?" అన్నచోట మీరు నీళ్లు నమిలితే, అక్కడొక గీత!

ఇప్పుడు ఈ పేజీ మూసి రాయండి: పుస్తకాల పడవ ఏ రెండు ఊళ్ల మధ్య తిరిగింది? వారం తరువాత నూటికి 61 పాళ్లు ఏ జట్టుకు మిగిలింది? పటమట భవనానికి ఎవరి పేరు పెట్టారు? జవాబులు వచ్చే నెల వేయము. అవి ఈ పేజీలోనే ఉన్నవి.