‘అమాయకం’ అనకండి

‘అమాయకం’ అనే మాటతో నాకు పేచీ ఉంది. రచయిత్రుల తొలి కథల మీద సిద్ధాంత గ్రంథం రాస్తూ ఆ మాట నేనూ వాడాను. పొగుడుతున్నాననే అనుకున్నాను. ఒక ఇంగ్లీషు క్యాసెట్ విన్నాక, దాని మీద వచ్చిన రాతలు చదివాక గానీ నేను చేసిన పనేమిటో నాకు అర్థం కాలేదు.

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ట్రేసీ థోర్న్, జీనా హార్ట్‌మన్, జేన్ ఫాక్స్, జేన్ చెల్లెలు ఆలిస్ కలిసి ‘మెరీన్ గర్ల్స్’ అనే బృందం పెట్టుకున్నారు. పంక్ సంగీతం వచ్చి, ఎవరైనా వాయించొచ్చన్న ధైర్యం మిగిల్చి వెళ్ళిన రోజులవి. మొదటి క్యాసెట్ ఇంట్లోనే రికార్డు చేసి తామే అమ్ముకున్నారు. 1981లో ‘బీచ్ పార్టీ’ని ఒక పెరటి షెడ్డులో రికార్డు చేశారు. అదీ ముందు క్యాసెట్‌గానే వచ్చింది. గిటారు, బేస్ గిటారు, గొంతులు. డ్రమ్స్ వాయించే మనిషే లేదు.

క్యాసెట్‌కి ఫ్యాక్టరీ అక్కర్లేదు, కంపెనీ పెద్దల దయ అక్కర్లేదు. అదే 1981లో బ్రిటిష్ రికార్డు కంపెనీల సంఘం క్యాసెట్‌ను పుర్రెలా గీసి, కింద రెండు ఎముకలు పెట్టి, ఇళ్ళల్లో టేపు చేయడం సంగీతాన్ని చంపేస్తోందని ప్రచారం మొదలుపెట్టింది. వాళ్ళ కోపం రికార్డులు కాపీ చేసుకునేవాళ్ళ మీదే, నిజమే. కానీ ఇంట్లో టేపు మీద సంగీతం పుట్టగలదన్న ఊహ కూడా ఆ బొమ్మలో లేదు.

ఇక విమర్శకులు. అమాయకం, పసితనం, ముద్దుగా ఉంది! ఈ ఆల్బంలో ఒక పాట పేరు ‘డిసానెస్టీ’. అసూయ మీద, మోసం మీద పాటలు కట్టినవాళ్ళు అమాయకులెలా అయ్యారు? హెర్ట్‌ఫర్డ్‌షైర్‌కి సముద్రమే లేదు. పేరులోనూ పాటల్లోనూ ఉన్న సముద్రం వాళ్ళు ఏరి తెచ్చుకున్నది. ఏరుకోవడం కళ కాదా?

1980లో యంగ్ మార్బుల్ జెయింట్స్ ఆల్బంలో ఇలాంటి ఖాళీలే ఉంటే వాటిని మినిమలిజం అన్నారు. ఆ పాటలు ఎక్కువగా రాసింది స్టూవర్ట్ మాక్స్‌హామ్. 1983లో మెరీన్ గర్ల్స్ రెండో ఎల్పీ ‘లేజీ వేస్’కి నిర్మాతగా పనిచేసింది ఆయనే. ఆయనకు వినపడిన పనితనం విమర్శకులకు ఎందుకు వినపడలేదు? కర్ట్ కొబేన్ తన డైరీలో ఇష్టమైన ఆల్బంల జాబితాలో ‘బీచ్ పార్టీ’ పేరు రాసుకున్నాడు. ఇప్పటికీ దాన్ని పరిచయం చేయాలంటే ముందు ఆయన పేరే చెప్తారు. మగవాడి సంతకం పడితే గానీ ఆడవాళ్ళ పనికి విలువ రాదన్నమాట.

అంతకుముందు వేరే బృందంలో పాడి చూపించమంటే సిగ్గుతో బట్టల బీరువాలోకి దూరి పాడానని ట్రేసీ థోర్న్ 2013లో వచ్చిన తన ఆత్మకథలో రాసింది. చదివి నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. అమ్మాయిని బీరువాలోకి నెట్టేది స్వభావం కాదు, ఎదురుగా కూర్చుని తీర్పు చెప్పే చెవులు. ఆ చెవులే ఆమె గొంతుని అమాయకం అంటాయి.

‘వంటింటి రాతలు’ అనే వెక్కిరింతను మనం గుర్తుపడతాం, పోట్లాడతాం. ‘సహజంగా, అమాయకంగా రాసింది’ అనే పొగడ్త దాని తోబుట్టువే. ఆమె ఆలోచించలేదు, కొట్టివేయలేదు, తిరగరాయలేదు అని మర్యాదగా చెప్పడమే అది.

నా గ్రంథం పుస్తకంగా తేవడానికి ఇప్పుడు ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ మాట కనిపించిన ప్రతిచోటా కొట్టేసి, ఆ రచయిత్రి అక్కడ చేసిన పనేమిటో రాస్తున్నాను. చాలా చోట్ల కథ మళ్ళీ చదవాల్సి వస్తోంది. మొదటిసారి సరిగా చదవలేదని ఒప్పుకోవాల్సి వస్తోంది.