ఎంత ఇస్తారు సరే, ఎప్పుడిస్తారు?

మొన్న సెలవులకి రావికమతం వెళ్లేసరికి నెలాఖరు. సాయంత్రం మా మామ్మ అరుగు మీద కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్క కడుతోంది. "ఏటి మామ్మా, ఏటి లెక్క?" అనడిగాను.

"రేపు ఒకటో తారీకు కదరా. మందులకి ఆరొందలు, కిరాణా కొట్టుకి పదిహేనొందలు, చీటీకి వెయ్యి. మిగిలింది చెల్లి పుస్తకాలకి దాస్తాను" అంది.

డబ్బింకా రాలేదు. చేతిలో లేని డబ్బుకి అంత ధీమాగా పద్దు వేసేసింది. మర్నాడు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి వచ్చి, వేలిముద్ర వేయించుకుని, నాలుగు వేలు చేతిలో పెట్టి వెళ్లాడు. మామ్మ లెక్క మామ్మ లెక్కలాగే నడిచింది.

అదే ఇంట్లో మా నాన్నకి రెండెకరాల చెరకుంది. ఏడాది మొత్తం మీద చూస్తే మామ్మ పెన్షన్ కన్నా ఎక్కువే వస్తుంది. కానీ "నాన్నా, ఫీజు ఎప్పుడు కడదాం?" అంటే "చూద్దాంరా" అంటాడు. లెక్క రాక కాదు. చెరకు ఫ్యాక్టరీకి తోలితే బిల్లు ఎప్పుడు పడుతుందో తెలీదు. బెల్లం వండి అనకాపల్లి మార్కెట్‌కి తీసుకెళ్తే ఆ రోజు ధర ఎంత పలుకుతుందో తెలీదు. తారీఖు తెలియని డబ్బుకి పద్దు ఎలా రాస్తాడు? మా ఇంట్లో ప్లానింగ్ చేసేది చదువు లేని మామ్మ. "చూద్దాం" అనేది పదో తరగతి పాసైన నాన్న. తేడా మనుషుల్లో లేదు, డబ్బు వచ్చే పద్ధతిలో ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన హాస్టల్లో నెలకోసారైనా ఒక డిబేట్ నడుస్తుంది. "ఫ్రీగా డబ్బులు పంచి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు" అని ఒకరంటారు. "పేదోళ్లకి ఇస్తే తప్పేంటి" అని ఇంకొకరు. కాసేపటికి అది పార్టీల గొడవైపోతుంది. మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉందని నాకనిపిస్తుంది. ఎంత ఇస్తున్నారన్నది కాదు, ఎప్పుడు ఇస్తారో ముందే చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటున్నారా అన్నది. నగదు పథకం పేద కుటుంబానికి ఇచ్చే అసలు మేలు ముందుచూపు. ఆ ముందుచూపు రూపాయల్లోంచి కాదు, తారీఖులోంచి వస్తుంది.

నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ చదివినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ప్రతి ప్యాకెట్ ఒకేలా ఆలస్యంగా వస్తుంటే వీడియో కాల్ ఎలాగోలా సర్దుకుంటుంది. ఒకటి తొందరగా, ఒకటి లేటుగా వస్తేనే బొమ్మ ముక్కలవుతుంది. దాన్నే జిట్టర్ అంటాం. పేద ఇంటి బడ్జెట్‌ని చంపేది కూడా జిట్టరే.

ఎలాగో చూడండి. జూన్‌లో బళ్లు తెరుస్తారు. పిల్లాడి ఫీజు మొదటి వాయిదా, ఆటో అడ్వాన్సు కలిపి ఐదు వేలు కావాలి. పథకం డబ్బు వస్తుందని తెలుసు గానీ ఎప్పుడో తెలీదు. తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తుంది. ఆరు నెలలకి డబ్బు పడుతుంది, అప్పు తీరుతుంది. కానీ ఈలోగా వడ్డీ తొమ్మిది వందలైంది. ప్రభుత్వం పుస్తకాల్లో ఆమెకి పూర్తి డబ్బు అందినట్టే. ఆమె చేతిలో మాత్రం తొమ్మిది వందలు తక్కువ. అదే జూన్ మొదటి వారంలో కచ్చితంగా పడుతుందని తెలిస్తే, బడివాళ్లని నాలుగు రోజులు ఆగమని అడిగేది. ఆగడానికి కూడా ఒక తారీఖు కావాలి కదా.

ఆగలేకపోవడం వల్ల పోయేది వడ్డీ ఒక్కటే కాదు. మా మండలంలో కళ్యాణపులోవ దాటి కొండ వైపు వెళ్తే గిరిజన గూడేలుంటాయి. జీడితోటలే వాళ్ల ఆధారం. ఇంట్లో గింజలు నిండుకుంటే జీడి పూత మీదున్నప్పుడే వ్యాపారి దగ్గర అడ్వాన్సు పట్టుకోవాలి. పిక్కలు రాలే నాటికి ధర ఎంతున్నా వాళ్లకి పాత బేరమే. మేకపోతుని నూకాలమ్మ జాతర దాకా ఉంచితే మంచి రేటొస్తుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా రెండు నెలల ముందే, ఇంటికొచ్చిన మనిషి అడిగిన ధరకి తోలేస్తారు. పేదవాళ్లకి లేనిది తెలివి కాదు, ఆగే వీలు. నెలకో సీజన్‌కో కచ్చితంగా వచ్చే చిన్న మొత్తం ఆ వీలిస్తుంది.

దీన్ని మన పక్క రాష్ట్రంలోనే పరిశోధకులు పరీక్షించి చూశారు. తమిళనాడు చెరకు రైతులకి పంట అమ్మకముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. అవే మనుషులు, పంట డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. ఆ ఫలితాలు 2013లో సైన్స్ పత్రికలో వచ్చాయి. రేపటి అప్పు గురించిన బెంగ ఈరోజు బుర్రలో చోటు ఆక్రమిస్తుందన్నది వాళ్ల వాదన. మా నాన్న "చూద్దాంరా" అన్నప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

ఇంకో ఉదాహరణ కెన్యాది. అక్కడ గివ్ డైరెక్ట్‌లీ అనే సంస్థ కొన్ని ఊళ్లలో నెలనెలా రెండేళ్లు ఇస్తామంది. ఇంకొన్ని ఊళ్లలో అంతే మొత్తం పన్నెండేళ్లు ఇస్తామంది. నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఇంకొందరు కలిసి దీన్ని పరిశీలించారు. మొదటి రెండేళ్లకి ఇద్దరికీ అందింది ఒకటే. కానీ పన్నెండేళ్ల మాట ఉన్నవాళ్లు ఎక్కువ దాచుకున్నారు, ఎక్కువ వ్యాపారాలు పెట్టుకున్నారు. ఎలా అనుకున్నారు? మన చీటీల్లాంటివే వేసుకుని! నెలనెలా వచ్చేదాన్ని చీటీలో కట్టి, వంతు వచ్చినప్పుడు పెద్ద మొత్తంగా మార్చుకున్నారు. అంటే పని చేసింది డబ్బుతో పాటు ముందే ఇచ్చిన మాట కూడా. మా మామ్మ చీటీకి తీసిపెట్టిన వెయ్యి వెనకున్న ధైర్యం కూడా అదే.

ఇప్పుడు మన రాష్ట్రం చూద్దాం. పెన్షన్ విషయంలో తారీఖు విలువ ప్రభుత్వాలకి తెలుసు. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందురోజే ఇచ్చేస్తున్నారు. 2024 ఎన్నికలప్పుడు వాలంటీర్లని పెన్షన్ల పనికి దూరం పెట్టాక ఏమైందో గుర్తుందా? ఏప్రిల్‌లో ముసలివాళ్లు సచివాలయాలకి నడిచారు. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేస్తే, మండుటెండలో బ్యాంకుల ముందు నిలబడ్డారు. మొత్తంలో ఒక్క రూపాయి తగ్గలేదు. పద్ధతి చెదిరినందుకే అంత యాతన.

బడి పిల్లల డబ్బు సంగతి వేరు. అమ్మ ఒడి మొదట 2020 జనవరిలో, తర్వాత 2021 జనవరిలో పడింది. ఆ తర్వాత 2022 జూన్ దాకా లేదు. 2023 జూన్‌లో వచ్చింది. ప్రభుత్వం మారిన 2024లో రాలేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో, ఇంట్లో ఎంతమంది చదువుకుంటే అంతమందికీ ఇచ్చారు. ఆ పెంపు మంచిదే. కానీ ఈ వరసలో ఏ తారీఖుని నమ్ముకుని ఒక తల్లి పద్దు రాసుకోవాలి? రైతుకైనా అంతే. అన్నదాత సుఖీభవ మొదటి విడత 2025 ఆగస్టు 2న పడింది. కేంద్రం వాటా రెండు వేలతో కలిపి ఏడు వేలు. చేతికందింది కాబట్టి ఎరువులకి అక్కరకొస్తుంది. కానీ జూన్‌లో నారు పోసేటప్పుడు విత్తనానికి అప్పు చేసినవాడి వడ్డీ అప్పటికే నడుస్తోంది. ఇది ఒక్క పార్టీ తప్పు కాదు. ఎవరొచ్చినా పథకం పేరు, మొత్తం బ్యానర్ మీద వేస్తారు. తారీఖు మాత్రం వెయ్యరు.

సోమరితనం, తాగుడు అన్న అభ్యంతరాల్ని నేను కొట్టిపారెయ్యను. ఊళ్లో పెన్షన్ రోజు బెల్టు షాపు వైపు నడిచేవాళ్లని నేనూ చూశాను. కానీ వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి చూసిన ప్రపంచ బ్యాంకు పరిశోధకులకి, నగదు ఇచ్చినందువల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగిన దాఖలా కనబడలేదు. ఇంకో అభ్యంతరం బరువైంది: అప్పుల్లో ఉన్న రాష్ట్రం ఎంతని పంచుతుంది? నిజమే. అందుకే నా మాట, మొత్తం తగ్గించైనా సరే, ఇచ్చేది చెప్పిన రోజున ఇవ్వాలి. పదిహేను వేలని ఆశపెట్టి ఏడాది ఎగ్గొట్టడం కన్నా, ఏటా జూన్ మొదటి వారంలో ఎనిమిది వేలు ఆ తల్లికి ఎక్కువ పనికొస్తాయి. నగదు అన్నిటికీ మందు కాదని కూడా ఒప్పుకుంటాను. రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకురావాల్సి వస్తే, ఆమె ఖాతాలో ఎంతున్నా ఏం లాభం? రోడ్డు రోడ్డే, నగదు నగదే.

అయితే ఏం చెయ్యాలి? పెద్ద ఖర్చు లేని పనులే. ఉగాదికి పంచాంగంతో పాటు ప్రతి సచివాలయం గోడ మీద ఆ ఏడాది ఏ పథకం డబ్బు ఏ తారీఖున పడుతుందో రాసిపెట్టాలి. ఎన్నికలొచ్చినా, ప్రభుత్వం మారినా ఆ ఏడాదికి ఆ పట్టిక మారకూడదు. కరెంటు మూడొందల యూనిట్లు దాటిందనో, ఆధార్ మ్యాపింగ్ తప్పనో ఎవరి పేరైనా తీసేస్తుంటే, డబ్బు పడాల్సిన రోజున కాకుండా రెండు నెలల ముందే చెప్పాలి. దిద్దుకునే సమయం ఉంటుంది, కనీసం వేరే దారి వెతుక్కునే సమయం ఉంటుంది. భూమి పేరు మీద ఉంటేనే వచ్చే పీఎం కిసాన్ లాంటివి కౌలు రైతుకి అందవు. కాబట్టి అతనికి ఏది వస్తుందో, ఏది రాదో కూడా ఆ గోడ మీదే తేల్చి చెప్పాలి. రాదని తెలిసినా మనిషి ప్లాన్ చేసుకోగలడు. వస్తుందో రాదో తెలియకపోతేనే చెయ్యలేడు.

ఇది ఊళ్లోవాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు ఒక్కసారి మన ఫీజు రీయింబర్స్‌మెంట్ గుర్తు తెచ్చుకోండి. ఆ డబ్బు తల్లుల ఖాతాలోకి వెళ్లాలా, కాలేజీ ఖాతాలోకి వెళ్లాలా అన్నదే ప్రభుత్వంతో పాటు మారింది. ఎప్పుడు పడుతుందన్నది మాత్రం మనలో ఎవరికీ తెలీదు. "డ్యూస్" అని లిస్టులో పేరు కనబడినప్పుడు ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తోచక కారిడార్‌లో నిలబడినవాళ్లు ఈ కాలేజీలో చాలామందే ఉన్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు నాకు కావాల్సింది ఎక్కువ డబ్బు కాదు. "ఫలానా రోజు కడతాను" అని చెప్పగలిగే ఒక తారీఖు.

మొన్న తిరిగొచ్చేటప్పుడు బస్సు ఛార్జీకని మామ్మ రెండొందలు చేతిలో పెట్టింది. "నీ లెక్కలో ఇది లేదు కదే, చెల్లి పుస్తకాలకి తక్కువవుతాయి" అన్నాను.

"మళ్లీ ఒకటో తారీకు రాదేట్రా?" అంది.

ఆ మాట మా నాన్న కూడా అనగలిగే రోజు కోసమే ఇదంతా రాశాను.