పేట వార్తలకు ఏ లిపి?

మా పత్రిక నాలుగవ పుటలో వారము వారము వెలువడు పేట వార్తలను ఇకమీదట తమిళ లిపిలో అచ్చు వేయవలసినదని కోరుచు గడచిన రెండు మాసములలో పలువురు చందాదారులు మాకు జాబులు వ్రాసియున్నారు. భాష తెలుగే యుండవలెను, అక్షరములు మాత్రము తమిళములు కావలెనని వారి కోరిక. వారిలో ఎవరును తెలుగుపట్ల విముఖులు కారు. తెలుగు తమ యిండ్ల నుండి జారిపోవుచున్నదను భయముచేతనే ఈ సూచన చేసిరి. పెరంబూరు నుండి ఒక పెద్దమనిషి వ్రాసిన జాబు మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. తమ తల్లిగారి సంవత్సరీకమునకు మేము ప్రకటించిన స్మృతివార్తను ఆయన ఇంటిలో అందరకు కనబడునట్లు ఉంచిరట. పిల్లలిద్దరును ఛాయాచిత్రమును చూచి అవ్వను గుర్తించిరి గాని, దాని క్రింద నున్న పంక్తులలో ఒక్కటియు చదువలేకపోయిరి. తండ్రి చదివి వినిపింపగా ప్రతి మాటయు వారికి బోధపడినది. మాటలన్నియు వచ్చి అక్షరములు రాకపోవుటలో పిల్లల దోషమేమియని ఆయన మమ్ము అడుగుచున్నారు.

పిల్లల దోషము లేదు. అయినను ఆయన కోరినది చేయుటకు మేము సమ్మతింపజాలకున్నాము. ఇది ఒక్క యింటి సంగతి కాదు గనుక, జాబునకు జాబుగా గాక, అందరి యెదుటను మా కారణములు చెప్పుట మంచిదని తోచినది.

మొదట ఆ పుట సంగతి. దానిని తేలికగా మాటలాడు మిత్రులు కొందరున్నారు. పెండ్లిండ్లు, పేరంటములు, సన్మానములు తప్ప అందులో నేమున్నదని వారందురు. మంత్రుల ప్రసంగములకు, సినిమా సంగతులకు దినపత్రికలు చాలినన్ని యున్నవి. కొండితోపులో మూడు తరముల పిల్లలచేత అక్షరములు దిద్దించిన పంతులుగారు కన్నుమూసిరను వార్తను హైదరాబాదు పత్రిక వేయదు, చెన్నపురి పత్రికయు వేయదు. చింతాద్రిపేటలో ఏ వీధికి నాలుగు దినములుగా కుళాయినీరు రాలేదో, ఉగాదినాడు పంచాంగశ్రవణము ఎచ్చట జరుగునో, ఏ బడిలో తెలుగు తరగతికి పిల్లలు చాలక ఉపాధ్యాయుని స్థానము నింపక విడిచిరో, ఎవరి మనుమరాలు వైద్యవిద్యలో చేరినదో, ఇవియన్నియు ఆ ఒక్క పుటలోనే దొరకును. పత్రిక చేతికి రాగానే మొదటి పుటను విడిచి నాలుగవ పుటను త్రిప్పు ఇండ్లు మాకు తెలియును. మేము వ్రాయు ఈ అభిప్రాయములను ఎందరు చదువుదురో మాకు సందేహమే గాని, ఆ పుట విషయమున సందేహము లేదు.

ఆ పుట ఇంత ముఖ్యమైనది గనుకనే దానిని అందరకు అందు లిపిలో వేయుమని మిత్రులు వాదించుచున్నారు. వాదము బలమైనదే. అంతేకాదు, తెలుగును తమిళ లిపిలో వ్రాయుట ఈ సీమలో క్రొత్తయు కాదు. త్యాగరాజస్వామి కీర్తనలను తమిళ లిపిలో చదివి నేర్చిన గాయకులు తరతరములుగా నున్నారు. తమిళమున క, ఖ, గ, ఘలకు నాలుగింటికిని ఒక్కటే అక్షరము. తక్కిన వర్గములందును ఇంచుమించుగా ఇదే తీరు. అందుచేత ఆ పుస్తకములలో అక్షరముపై 2, 3, 4 అను అంకెలు వేసి పలుకుబడిని సూచింతురు. ఆ యేర్పాటుతో సంగీతము చక్కగా నడచినది. నడచుటకు కారణము అంకెలు గావు, గురువుగారి నోరు. శిష్యుడు ఎదుట కూర్చుండి చెవితో నేర్చును. పుస్తకము మరచిపోకుండుటకు మాత్రమే. పేట వార్తకు గురువెవరు? నిన్న జరిగిన దానిని నేడు మొదటిసారి చదువువానికి, ఆ మాట ఏదియో చెప్పువాడు ప్రక్కన నుండడు.

అంకెలు లేకుండ వేసినచో ఏమగునో చూడుడు. గుడి యన్నను కుడి యన్నను తమిళ లిపిలో ఒకే రూపము. తమిళము చదువ నలవాటుపడిన కన్నులకు ఆ రూపము త్రాగుమను అర్థము నిచ్చును. బ్రహ్మోత్సవముల సందర్భమున గుడి వార్తలు అని మేము శీర్షిక పెట్టినచో పాఠకులు మమ్మేమనుకొందురో ఊహించుకొనవచ్చును. బడి యను మాట కొంత అదృష్టము చేసికొన్నది. దాని తమిళ రూపమునకు చదువుమని యర్థము. అయినను అదృష్టముపై ఆధారపడి పత్రికను నడుపలేము గదా!

ఈ చిక్కు తమిళ లిపికి మాత్రమే కలదని యితర సీమల సోదరులు తలంపరాదు. సోలాపురము పద్మశాలి కుటుంబములకు, ముంబయి కామాఠీలకు నాగరిలిపి అలవాటు. అందు వర్గాక్షరములన్నియు నున్నవి గాని మన హ్రస్వములైన ఎ, ఒ లకు వేరు గుర్తులు లేవు. మెడయు మేడయు ఒక్కటే యగును. విరిగినది మెడయో మేడయో తెలియనిచో ఆ వార్తను చదివి ప్రయోజనమేమి? బరంపురమువారి ఒడియా లిపియందును ఇదే లోపము. ఒక్క బెంగుళూరు, బళ్ళారివారు భాగ్యవంతులు. కన్నడ లిపియు తెలుగు లిపియు తోబుట్టువులు గనుక, అచ్చటి పిల్లవాడు కొద్దిపాటి శ్రద్ధతో ఈ పత్రికను చదువుకొనగలడు.

ఇవి చిన్న యిబ్బందులు, సర్దుకొనవచ్చునని ఎవరైన అందురేమో. మా అసలు కారణము వేరు. చదువుట సరిగా రానివాడు కష్టపడి కూడబలుకుకొని చదువునది దేనిని? సంపాదకీయమును కాదు, పద్యమును కాదు. తన పేరును, తన వారి పేరును, తన వీధి పేరును చదువును. ముందే తెలిసిన సంగతి గనుక మొదటి రెండక్షరములు పట్టుబడగానే తక్కినవి తామే పలుకును. పేట వార్తలకంటె మంచి వాచకము మా యెరుకలో లేదు. ఆ పుటనే తమిళ లిపికి మార్చి, తక్కిన మూడు పుటలను తెలుగు లిపిలో నుంచినచో, పిల్లలు ఆ మూడింటి జోలికి ఎన్నడును రారు. అటుపిమ్మట వానిని ఎవరికొరకు అచ్చు వేయవలెను?

ఇంటిలో నలుదిక్కుల చూడుడు. తెలుగక్షరము ఎచ్చట కనబడుచున్నది? పెండ్లి శుభలేఖలు తమిళమునను ఇంగ్లీషునను అచ్చగుచున్నవి. తెలుగు మిగిలియున్నచో పైన శ్రీరస్తు శుభమస్తు అను ఒక్క పంక్తియే. అంగడి పలకలమీద లేదు. పూజాపుస్తకములు కూడ తమిళ లిపిలోనివే కొనుచున్నారు. పలు కుటుంబములలో తెలుగక్షరము గల వస్తువులు రెండే: తాతగారి పెట్టెలోని పాత కాగితములు, వారమున కొకసారి వచ్చు ఈ పత్రిక. పాత కాగితములను ఎవరును తెరువరు.

ఈ యక్షరము ఈ నగరమునకు పరాయిది కాదు. బ్రౌను దొర తెలుగు నిఘంటువు 1852లో ఇక్కడనే అచ్చుపడినది. మరుసటి యేట చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది. వావిళ్ళవారి ముద్రణాలయము 1854 నాటిది. బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో చెన్నపురికి వచ్చి దినపత్రిక యైనది. ఇచ్చటి నుండియే 1924లో భారతి వెలువడసాగినది. తెలుగుదేశమంతయు చదువుకొనిన పుస్తకములను కూర్చి పంపిన పట్టణమున, తెలుగువారి వార్తకు తెలుగక్షరము భారమైనదనుట వింతగా నున్నది.

ఈ స్థితికి ప్రభుత్వమే కారణమని చెప్పుట సులభము. తమిళనాట 2006లో తమిళ బోధనా చట్టము వచ్చినది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటికొక తరగతి చొప్పున తమిళము నిర్బంధమై, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుట మాకెన్నడును భారము కాలేదు. ఈ నేలపై తరతరములుగా బ్రదుకుచున్న మనకు అదియు ఇంటి భాషయే. తెలుగు మొదటి భాషగా చదువు వీలు పోయినదే మా బాధ. అయితే న్యాయముగా మాటలాడవలెను. చట్టము రాకముందే మన పిల్లలను తెలుగు తరగతులనుండి తప్పించి వేరు బడులకు పంపినవారు మనమే. బడిలో బల్లలు ఖాళీ యైన పిమ్మట చట్టము వచ్చి తలుపు మూసినది.

రాజ్యాంగము 29వ అధికరణములో, ప్రత్యేకమైన భాషగాని లిపిగాని సంస్కృతిగాని గల పౌరులు దానిని కాపాడుకొనుటకు హక్కు గలవారని చెప్పబడియున్నది. లిపి యను మాటను అందు విడిగా చేర్చిరి. భాష యన్న చాలును, లిపి దానంతట అది వచ్చునని రాజ్యాంగ నిర్మాతలు తలంపలేదు. 1956 నాటి ఏడవ సవరణవలన 350ఏ అధికరణము చేరి, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు విధించినది. హక్కులు కాగితముపై నున్నవి. కాని ఆ కాగితమును చూపి అడుగుటకు వెళ్ళినప్పుడు, మీ సంఘ పత్రికయే తెలుగు లిపిని విడిచినది గదా యని అధికారి ప్రశ్నించిన మేమేమి చెప్పవలెను?

జనాభా లెక్కలు కూడ ఈ విషయమున మనకు తోడ్పడవు. 2011 లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషయని చెప్పినవారు 42 లక్షల పైచిలుకు. అందులో తెలుగు చదువగలవారెందరు? ఆ ప్రశ్నను లెక్కలవారు అడుగరు. ఏదో యొక భాషలో చదువను వ్రాయను వచ్చినచో అక్షరాస్యుడే. తెలుగక్షరము రాని తెలుగువాడు ఆ పట్టికలో తెలుగువాడుగను అక్షరాస్యుడుగను రెండు చోట్లను నిండుగా కనబడును. మన కొరత ఏ పట్టికకును అందదు. మన యింటిలోనే తెలియవలెను.

మా సంఘ కార్యవర్గములో ఈ విషయమై ఏకాభిప్రాయము లేదని దాచనక్కరలేదు. లిపి పోయినను మాట నిలిచిన చాలునని కొందరు సభ్యులు నమ్ముచున్నారు. మధురలోని సౌరాష్ట్రులు తమకు ప్రత్యేక లిపి యుండియు ఎక్కువగా తమిళ లిపిలోనే వ్రాసికొనుచు, ఇంటిలో తమ భాషను నిలుపుకొన్నారని వారు చూపిరి. అది నిజమే. కాని వారికి వెలుపల మరియొక రాష్ట్రము లేదు, దినమునకొక కొండంత అచ్చగు పుస్తకరాశి లేదు. మనకు రెండును ఉన్నవి. లిపిని విడిచిన తెలుగు పిల్లవాడు పోగొట్టుకొనునది మా నాలుగు పుటలను మాత్రమే కాదు, పోతన మొదలు నిన్నటి కథవరకు గల సర్వమును.

చర్చానంతరము అధికసంఖ్యాకుల నిర్ణయమిది. పేట వార్తలు తెలుగు లిపిలోనే వెలువడును. మరణవార్తలకు, సభల ప్రకటనలకు మాత్రము దినము, వేళ, స్థలము తెలుపు రెండు పంక్తులను క్రింద తమిళమున చేర్తుము. ఆపదలోను కార్యములోను ఎవరును వార్త తెలియక ఉండిపోరాదు. ఈ యేర్పాటు ఒక సంవత్సరమువరకు. పిమ్మట మరల ఆలోచింతుము. పేట వార్తల పుటను పెద్ద అక్షరములతో, సమాసములు తగ్గించి కూర్పింతుము. ఈ నిర్ణయమువలన కొందరు చందా మానుకొనవచ్చును. ఆ నష్టమునకు సిద్ధపడియే ఈ మాట వ్రాయుచున్నాము.

వేసవి సెలవులలో శనివారము సాయంకాలము సంఘ మందిరమున అక్షరముల తరగతి జరుపబడును. తెలుగు మాటలాడ నేర్చి, తమిళమున అచ్చులు హల్లులు వరుస తెలిసిన పిల్లవానికి మిగిలినది తక్కువ: వర్గాక్షరములు, గుణింతము, ఒత్తులు. ఒక వేసవి చాలునని మా నమ్మకము. పాఠ్యపుస్తకము వేరుగా లేదు, ఆ వారపు నాలుగవ పుటయే. ఇరువది మంది కూర్చుండుటకు చాపలున్నవి. పెద్దలు కూడ రావచ్చును. తలిదండ్రులలో సగముమందికి ఒత్తులు మరపునకు వచ్చియున్నవని వారు పంపు జాబులే చెప్పుచున్నవి.

వార్తలు పంపువారికి ఒక విన్నపము. సన్మాన వార్తలలో కప్పిన దుశ్శాలువల లెక్కయు, వేదికపై నాసీనులైన వారి బిరుదములును వలదు. ఎవరు, ఎచ్చట, ఎన్నడు, ఏమి జరిగినదో చిన్న చిన్న వాక్యములలో, పదేండ్ల పిల్లవాడు కూడబలుకుకొని చదువుటకు వీలుగా వ్రాయుడు. ఇంటిలోని పిల్లల పేర్లు తప్పక చేర్చుడు. వార్తలు బుధవారము సాయంకాలము లోపల కార్యాలయమునకు చేరవలెను.