కడలి అడుగున ఒండ్రు లెక్క

సార్వానీరు అంగుళము తగ్గినచో కాలువగట్లపై కలహించు మనము, ఆ నీటి వెంట రావలసిన ఒండ్రు కడలికెంత చేరుచున్నదో యడుగుట లేదు. డెల్టాభూములను పుట్టించినది ఆ యొండ్రే గదా! కృష్ణపై 1967లో నాగార్జునసాగరమునుండి కాలువలకు నీరు వదలిరి. తరువాత శ్రీశైలము వెలసెను. నాటినుండి ఒండ్రులో పెద్దపాలు జలాశయముల యడుగుననే నిలిచిపోవుచున్నది.

కడలిలో చేరిన మేటను గుండుత్రాటితో లోతుచూచి తేల్చుట చాలదు. ఒక్క తుపాను బురదనంతయు కలచివేయును. గొట్టమును సముద్రపుటడుగున దింపి, మట్టిని దిమ్మెగా పైకి తీసి, పొరలుగా కోసి పరీక్షింపవలెను. బురదతో దిగిన సీసము-210 సుమారు 22 ఏండ్లకు సగమగును. మిగిలినపాలును బట్టి పొర వయస్సు, దానినిబట్టి ఏటేట చేరిన మందము తెలియును. అణ్వస్త్ర పరీక్షల వలన 1963 ప్రాంతమున మిక్కుటముగా రాలిన సీజియము-137 రెండవ సాక్షి. సాక్షులిద్దరును ఏకీభవింపనిచో ఆ దిమ్మెను నమ్మరాదు. ఒక్కచోట తీసినదానితో తీర్పు చెప్పుటయు తగదు.

ఉప్పాడవాసులు ఇండ్లు కడలిపాలగుట కన్నులార చూచినవారు. అందుకు కారణములు పెక్కు గలవు. ఒండ్రు పాలెంతయో కొలిచినగాని తేలదు. పోలవరము నిండకమునుపే గోదావరి సంగమముల యెదుట పెక్కుచోట్ల దిమ్మెలు తీయించి, నిండిన పిదప మరల తీయించి, రెండు లెక్కలను తెలుగున ప్రకటింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.