షోరూం రేటు ఒకటి, ఇంటికొచ్చేసరికి ఇంకొకటి

ఎద్దుల సంతకు వెళ్లిన రైతు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని వంద రూపాయల దగ్గర గంటసేపు బేరం చేస్తాడు. అదే రైతు ట్రాక్టరు షోరూములో కూర్చున్నాడంటే కథ మారిపోతుంది. ఏసీ గది, కూల్‌డ్రింకు, టై కట్టుకున్న కుర్రాడు. "అన్నీ కలిపి ఆన్ రోడ్ ఇంత" అని చీటీ మీద రాసిస్తే తలూపి అడ్వాన్సు కట్టేస్తాడు. ఆ 'అన్నీ' అంటే ఏమేమిటో అడిగేవాళ్లు పదిమందిలో ఇద్దరుంటే గొప్ప.

రైతు సోదరులారా, అసలు మోసపోయేది ఆ 'అన్నీ' అన్న మాట దగ్గరే. బండి ధర మీద బేరమాడి ఐదు వేలు తగ్గించామని సంతోషపడతాం. కింద నాలుగు వరుసల్లో ఇరవై వేలు పెరిగిన సంగతి మన కంట పడదు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు అది. ఎక్కువ కట్టిన ప్రతి రూపాయికీ ఐదేళ్లు వడ్డీ కట్టాల్సింది కూడా మనమే. అందుకే చీటీని వరుస వరుసగా చదవడం నేర్చుకోవాలి. దానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

మూడు మూటలు కట్టండి

డీలరు ఇచ్చిన చీటీలో ఎన్ని వరుసలున్నా సరే, వాటిని మూడు మూటలుగా విడదీయండి. మొదటిది సర్కారుకు పోయే సొమ్ము. రెండోది ఇన్సూరెన్స్ కంపెనీకి, బ్యాంకుకు పోయే సొమ్ము. మూడోది డీలరు దగ్గర ఉండిపోయే సొమ్ము. మొదటి మూటలో బేరం లేదు, కానీ ప్రతి రూపాయికీ రసీదు ఉంటుంది. రెండో మూటలో బేరం ఉంది, ఎవరి దగ్గర తీసుకోవాలో నిర్ణయించుకునే హక్కు మీది. మూడో మూటలో ప్రతిదానికీ "ఇది ఎందుకు?" అని అడగవచ్చు. ఏ మూటలోకీ రాని వరుస కనబడితే అది కట్టాల్సిన పని లేదని తెలుసుకోండి.

జీఎస్టీ తగ్గింది, మీ బిల్లులో తగ్గిందా?

వ్యవసాయ ట్రాక్టరు మీద 12 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, చాలా విడిభాగాల మీద 18 శాతం ఉండేది, అదీ 5 శాతానికి వచ్చింది. పన్ను కలపక ముందు 7 లక్షలు ఉన్న బండి తీసుకోండి. పాత లెక్కన పన్ను 84 వేలు. కొత్త లెక్కన 35 వేలు. అంటే 49 వేలు తేడా. కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ కూడా అప్పట్లో 35 హెచ్.పి. బండికి 41 వేలు, 45 హెచ్.పి. బండికి 45 వేలు, 50 హెచ్.పి. బండికి 53 వేలు తగ్గుతుందని చెప్పారు.

మరి ఆ తగ్గింపు మీ చేతికి వచ్చిందా? చీటీ మీద మొత్తం అంకె ఒక్కటే ఉంటే ఆ సంగతి తెలియదు. బిల్లులో పన్నుకు ముందు ధర, పన్ను శాతం, పన్ను సొమ్ము విడివిడిగా ఉండాలి. షోరూం ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. కింద మళ్లీ 'టాక్స్' అని ఒక వరుస కనబడితే అది ఏ టాక్సో అడగండి. సర్కారు ఇచ్చిన తగ్గింపునే "మేం మీకిచ్చే పండగ డిస్కౌంటు" అని చూపిస్తే నమ్మవద్దు. పన్ను తగ్గడం వేరు, డీలరు తన జేబులోంచి తగ్గించడం వేరు. రెండూ అడగండి.

రిజిస్ట్రేషన్ ఫీజు అంటే ఎంత?

చాలా చీటీల్లో 'రిజిస్ట్రేషన్' అని ఒక్క ముక్క రాసి పెద్ద అంకె వేస్తారు. అందులో రవాణా శాఖ ఫీజు ఎంత, పన్ను ఎంత, మధ్యలో తిరిగే మనిషికి ఎంత అన్నది రాయరు. 2016 డిసెంబరులో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం మోటారు సైకిల్ రిజిస్ట్రేషన్ ఫీజు 300 రూపాయలు. సొంతానికి వాడుకునే కారుకు 600. అప్పు మీద కొంటే బ్యాంకు పేరు ఆర్.సి.లో ఎక్కించడానికి మోటారు సైకిల్‌కు 500, కారుకు 1500. వీటి మీద రాష్ట్రం తీసుకునే సర్వీసు చార్జీ, కార్డు ఖర్చు కొద్దిగా ఉంటాయి. ఫీజు వందల్లో, మహా అయితే వేలల్లో ఉండేది. అంకె పెద్దగా కనబడితే దానికి కారణం లైఫ్ టాక్స్ అయి ఉండాలి. కారుకు, మోటారు సైకిల్‌కు ఈ టాక్సు బండి ధర మీద శాతం లెక్కన పడుతుంది. వ్యవసాయ ట్రాక్టరుకు లెక్క వేరు. కాబట్టి కారు కొన్న బావమరిదిని అడిగి ట్రాక్టరు టాక్సు అంచనా వేసుకోవద్దు.

చేయాల్సింది ఒక్కటే. రవాణా శాఖకు కట్టిన ప్రతి పైసాకూ రసీదు వస్తుంది. "మీరు సర్కారుకు కట్టిన రసీదు ఇవ్వండి, అందులో ఎంత ఉంటే అంత ఇస్తాను" అనండి. ఈ ఒక్క మాటకే చాలా చీటీలు మారిపోతాయి. నంబరు ప్లేటు సంగతీ అంతే. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటును కంపెనీయే డీలరు ద్వారా ఇవ్వాలి. దానికి విడిగా డబ్బు అడిగితే ఎందుకో రాసి ఇవ్వమనండి.

హ్యాండ్లింగ్ చార్జీ ఎవరిది?

'హ్యాండ్లింగ్', 'డాక్యుమెంటేషన్', 'లాజిస్టిక్స్', 'ఫైలు చార్జీ'. పేర్లు రకరకాలు, పోయే జేబు మాత్రం ఒకటే. ఇది సర్కారు పెట్టిన ఫీజు కాదు. బండిని కంపెనీ నుంచి షోరూముకు తెచ్చి, కడిగి, ఆయిలు చూసి ఇవ్వడం డీలరు వ్యాపారంలో భాగం. దానికి కంపెనీ ఆయనకు మార్జిన్ ఇస్తుంది. డీలరు బతకాలి, కాదనం. ఊళ్లో సర్వీసు ఇచ్చేవాడు నిలబడితేనే మన బండి నడుస్తుంది. కానీ లాభం ధరలో తీసుకోవాలి గానీ సర్కారు ఫీజు వేషం వేసి తీసుకోకూడదు.

సామాన్ల దగ్గర కూడా జాగ్రత్త. టాప్ లింకు, హుక్కు, బంపరు, డ్రాబారు, టూల్ కిట్టు లాంటివి చాలా మోడళ్లకు బండితో పాటే వస్తాయి. కంపెనీ కరపత్రం తీసుకుని చూడండి. అందులో బండితో ఇస్తామని రాసి ఉంటే విడిగా పైకం కట్టనక్కర్లేదు.

ఇన్సూరెన్స్ మీ ఇష్టం

ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కకూడదు, నిజమే. కానీ డీలరు చూపించిన కంపెనీ దగ్గరే తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. ముందు రోజే వేరే రెండు కంపెనీల ఏజెంట్ల దగ్గర రేటు రాయించుకుని వెళ్లండి. బండికి కట్టిన విలువ ఒకేలా ఉందో లేదో చూసి, ఆ తర్వాత ప్రీమియం పోల్చండి. విలువ తక్కువ వేస్తే ప్రీమియం తగ్గుతుంది, నష్టం జరిగినప్పుడు పరిహారమూ తగ్గుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ట్రైలరుకు రిజిస్ట్రేషన్ విడిగా ఉంటుంది. ఇన్సూరెన్స్ కాగితంలో ఇంజను నంబరుతో పాటు ట్రైలరు వివరం కూడా ఉందా అని చూసుకోండి. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషికి ఏదైనా అయితే, పాలసీ వర్తించదని ఇన్సూరెన్స్ కంపెనీలు కోర్టుకెక్కుతాయి. అప్పుడు ఆ పరిహారం పొలం అమ్మి కట్టాల్సిన పరిస్థితి వస్తుంది.

వడ్డీ దగ్గర అసలు కిటుకు

బండి దగ్గర పదివేలు పోతే, అప్పు దగ్గర లక్ష పోతుంది. షోరూములోనే కూర్చునే ఫైనాన్సు ఏజెంటు "తొమ్మిది శాతమే" అంటాడు. అది ఏ తొమ్మిది? 5 లక్షల అప్పు, ఐదేళ్లు, నెల వాయిదాలు అనుకోండి. ఫ్లాట్ వడ్డీ అయితే ఏడాదికి 45 వేల చొప్పున మొత్తం వడ్డీ 2 లక్షల 25 వేలు. అసలు తీరుతున్న కొద్దీ తగ్గే వడ్డీ అయితే అదే తొమ్మిది శాతానికి వడ్డీ సుమారు 1 లక్షా 23 వేలు. మాట ఒకటే, తేడా లక్ష రూపాయలు! ఫ్లాట్ తొమ్మిది అంటే అసలు లెక్కలో 15 శాతం దాటినట్టే.

దీనికి మందు రిజర్వు బ్యాంకు ఇచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలన్నది నిబంధన. అంటే తెలుగులో అడిగే హక్కు మీకుంది. అందులో లేని ఫీజును మీ ఒప్పుదల లేకుండా తర్వాత వేయకూడదు. చదువుకుని ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువు ఉంటుంది. ఆ మూడు రోజుల్లో కాగితం సహకార బ్యాంకుకో, గ్రామీణ బ్యాంకుకో తీసుకెళ్లి చూపించండి. "ఈ రోజే సంతకం పెట్టాలి, ఆఫరు పోతుంది" అన్నారంటే ఆ తొందర వాళ్ల కోసమే, మీ కోసం కాదు.

కొటేషన్‌లో ధర పెంచి రాసి అప్పు ఎక్కువ ఇప్పిస్తామనే వాళ్లున్నారు. చేతిలో పైకం పడినట్టు అనిపిస్తుంది గానీ, ఆ పెంచిన సొమ్ముకూ వడ్డీ మనదే.

సంతకం పెట్టే ముందు

ఫారం 20 కొత్త బండి రిజిస్ట్రేషన్ దరఖాస్తు. ఫారం 21 డీలరు ఇచ్చే అమ్మకం పత్రం. ఇవి అవసరమే. ఫారం 29, 30 మాత్రం బండిని వేరొకరి పేరు మీదికి మార్చేవి. కొత్త బండి కొనేవాడికి వాటితో పని లేదు. ఖాళీ ఫారాల మీద సంతకం తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారంటే, వాయిదా తప్పిన రోజు మీ బండి అమ్మడానికి దారి వేసుకున్నట్టే. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు.

పాత ట్రాక్టరు మార్పిడిలో ఇస్తే వ్యవహారం తిరగబడుతుంది. అప్పుడు పేరు మార్పిడి జరిగేదాకా మీరే వదలకూడదు. ఆర్.సి.లో ఎవరి పేరుంటే యజమాని వాళ్లేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తేల్చింది. బండి ఎప్పుడో ఇచ్చేశామన్నా, ప్రమాదం జరిగితే పరిహారం కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

అడిగినా ఇవ్వకపోతే?

బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. సొంత జీవనోపాధికి ట్రాక్టరు కొన్న రైతు కూడా వినియోగదారుడే. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. పని కాకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 50 లక్షల లోపు కొనుగోళ్లు అక్కడే చూస్తారు. 5 లక్షల వరకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. రెండేళ్ల లోపు వేయాలి. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, డీలరు ఊరికి తిరగనక్కర్లేదు. అయితే చేతిలో కాగితం ఉండాలి. కాబట్టి పైకం నోట్లతో కట్టి ఊరుకోవద్దు. బ్యాంకు ద్వారా కట్టండి, రసీదు దాచుకోండి.

ఇదంతా రైతు ఒక్కడే మోయాల్సిన బరువు కాదు. ఎరువుల దుకాణం ముందు ధరల బోర్డు పెట్టించిన సర్కారు, లక్షల వ్యాపారం చేసే ట్రాక్టరు షోరూము ముందు ఎందుకు పెట్టించదు? ప్రతి మోడలుకు పన్నుకు ముందు ధర, జీఎస్టీ, రవాణా శాఖ ఫీజు, ఇన్సూరెన్స్ విడివిడిగా తెలుగులో రాసిన బోర్డు ఉండాలి. కొటేషన్ కూడా తెలుగులో ఇవ్వాలి. విత్తన ప్యాకెట్టు మీద చదివే హక్కు ఉన్న రైతుకు ట్రాక్టరు చీటీ మీద ఎందుకు ఉండకూడదు? రైతు సంఘాలు, వ్యవసాయ శాఖ కలిసి జిల్లా కలెక్టర్ల ముందు ఈ మాట పెట్టాలి.

ఆ బోర్డు వచ్చేదాకా మనం ఆగలేం. షోరూముకు ఒంటరిగా వెళ్లకండి. లెక్క తెలిసిన పిల్లవాణ్నో, ఈమధ్యే బండి కొన్న తోటి రైతునో తోడు తీసుకెళ్లండి. చీటీ రాయించుకుని ఆ రోజుకి ఇంటికి వచ్చేయండి. ఇంటి దగ్గర మూడు మూటలు కట్టి చూసుకోండి. ఎద్దు పళ్లు చూసిన కళ్లే మీవి, చీటీ వరుసలు చూడటం వాటికి కష్టం కాదు.