భయపడితే భక్తి లేనట్టా?

"దేవుడున్నాడుగా, భయపడితే నమ్మకం లేనట్టే" అంటారు మా పక్కింటి పిన్నిగారు. ఈ ఒక్క విషయంలో నాకావిడతో పడదండీ.

పోతనగారి గజేంద్రుణ్ణే చూడండి. కాలు మొసలి నోట్లో ఉండగా, అసలు దేవుడున్నాడా లేడా అని సందేహపడ్డాడు. అయినా పిలవడం మానలేదు. స్వామి ఆ సందేహానికి అలగలేదు సరికదా, లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. గోల్కొండ చెరసాలలో రామదాసైతే, చేయించిన నగల లెక్కలు చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు! పక్కన లేడనుకుంటే అలా పోట్లాడతారా ఎవరైనా?

మావారి బయాప్సీ రిపోర్టు గురువారం ఇస్తామన్నారు. పొద్దున దీపం వెలిగిస్తుంటే నా చేతులు వణికాయి. "గురువారం నువ్వూ ఆస్పత్రికి రావాల్సిందే" అని స్వామికి గట్టిగానే చెప్పాను.