బ్యాకప్ ఉంది సరే, ఏ టైమ్‌లైన్?

డీబీఎంఎస్ పేపర్లో రికవరీ అంటే అండూ, రీడూ, చెక్‌పాయింట్ రాసి బయటపడతాం. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుందని నా అభిప్రాయం.

ఫెస్ట్ రిజిస్ట్రేషన్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఉందనుకోండి. 11 గంటలకి ఎవరో టేబుల్ డ్రాప్ చేశారు. బ్యాకప్ తెచ్చి, దాని మీద లాగ్ ఫైళ్లు నడిపించి 10:55 దగ్గర ఆపాం. హమ్మయ్య! కానీ ఇకమీదట వచ్చే ఎంట్రీలు పాత లాగ్ నంబర్లతోనే ఆర్కైవ్‌లోకి వెళ్తే? 10:55 తర్వాత ఫీజు కట్టినవాళ్ల ఆనవాలు కూడా మిగలదు. అందుకే రికవరీ ముగియగానే పోస్ట్‌గ్రెస్ కొత్త టైమ్‌లైన్ ఐడీ ఇస్తుంది. లాగ్ ఫైల్ పేరులో ఉండే 24 అక్షరాల్లో మొదటి 8 అదే. 00000001 కాస్తా 00000002 అవుతుంది, పాత ఫైళ్లు అలాగే ఉంటాయి. ఎక్కడ చీలిందో చిన్న హిస్టరీ ఫైల్‌లో రాసిపెడుతుంది. (చిన్నదే కదా అని ఆర్కైవ్ శుభ్రం చేసే స్క్రిప్టుతో దాన్నీ ఊడ్చేయడం అంత పిచ్చిపని ఇంకోటి లేదు.)

12వ వెర్షన్ నుంచి రికవరీ డిఫాల్ట్‌గా లేటెస్ట్ టైమ్‌లైన్ పట్టుకుంటుంది. స్టాండ్‌బై సర్వర్లకి అది మంచిదే. కానీ ఆ ఫీజుల లెక్క కోసం వేరే మెషీన్ మీద 10:58కి వెళ్లాలంటే టైమ్‌లైన్ 1 అని మనమే చెప్పాలి. చెప్పకపోతే అది కొత్త కొమ్మ వెంట పోతుంది, అక్కడ ఆ ఎంట్రీలే లేవు.

ల్యాబ్‌లో నార్మలైజేషన్ అన్నిసార్లు చేయిస్తారు కదా, ఒకే డేటాబేస్‌ని రెండుసార్లు వెనక్కి తిప్పే ఎక్స్‌పెరిమెంట్ ఒక్కటి పెట్టమనండి. రెండోసారి తిప్పేటప్పుడే ఈ నంబరు ఎందుకుందో తెలిసేది.